రెండోసారి సూది

కర్రల బోనులో చుక్కావు కాళ్ళు మార్చి మార్చి నిలబడుతోంది. పలుపు పట్టుకున్న ఆదిలక్ష్మి అరచేతులు చెమటకి జారిపోతున్నాయి.

పశువుల ఆసుపత్రి కాంపౌండరు రాఘవులు డబ్బా మూత తీశాడు. తెల్లని పొగ నేలమీదికి పాకింది. నిరుటిదాకా థర్మాసు ఫ్లాస్కులో వచ్చే, ఎద్దు లేకుండా ఆవుని చూలు చేసే ఎదమందు ఇప్పుడు ఈ పొగల డబ్బాలో వస్తోంది. సన్నని గొట్టం ఒకటి పటకారుతో తీసి గోరువెచ్చని నీళ్ళలో వేశాడు.

"క్రితం సూది నిలవలేదన్నమాట. ఆ తర్వాత ఎద్దుకేమైనా కట్టించేరా?"

"లేదండి," అంది ఆదిలక్ష్మి.

అది అబద్ధం. సూది నిలవక ఆవు మళ్ళీ ఎదకొచ్చినప్పుడు అత్తగారు వీరాయమ్మ, "ఎద్దు మొహం చూడని ఆవుకి కడుపేంటే, పిచ్చిదానా," అంటూ సత్తిరాజుగారి ఎద్దు దగ్గరికి తోలుకెళ్ళింది. రెండు నెలలు ఆవు ఎదకొచ్చి అరవలేదు. నిన్న అరిచింది. ఎద్దు కట్టూ నిలవలేదనుకుంది ఆదిలక్ష్మి. ఎద్దుకి కట్టించిన ఆవుని తన దగ్గరికి తేవద్దని రాఘవులు ముందే చెప్పి ఉన్నాడు. భర్త పోయిన ఇంటికి ఆ ఆవు పాలే ఆధారం. తిప్పి పంపేస్తాడేమోనని భయపడి దాచింది.

రాఘవులు గొట్టాన్ని సూది వేసే ఉక్కు గన్నులో బిగించి, ఎడమచేతికి తొడుగు వేసుకున్నాడు. వెనక ఇంకా పశువులున్నాయి, తొందరలో ఉన్నాడు. గన్ను లోపలికి వెళ్ళింది. ఆవు మూలిగింది.

ఒకవేళ చూలైతే? ఆ ఇనుము దూడని పొడిచేస్తే?

"బాబూ, ఆగండి." ఆ మాట ఆమెకే వినపడలేదు. గొంతు పెంచింది. "ఎద్దుకి కట్టించేమండి."

రాఘవులు చెయ్యి ఆగింది. గన్ను మెల్లగా వెనక్కి తీసి, ఎడమచేత్తో లోపల తడిమాడు.

"చూలే. ఎలుకంత ఉంది. గర్భం మూతిదాకా వెళ్ళేను, దాటలేదు. ఆ ముక్క ముందే చెబితే ఏం పోయిందండీ?"

"చూలావు అరుస్తుందాండి?"

"ఒక్కోటి అరుస్తాదండి. మనుషులు అబద్ధాలాడట్లేదా ఏంటి?"

"దూడ నిలుస్తుందాండి?"

"చెప్పలేనండి. తోక కింద నెత్తురు తీగ కనబడితే తోలుకురండి."

"ఆయ్," అంది ఆదిలక్ష్మి.

కాలవగట్టు మీద ఆమె ఆవుకి ముందు నడవలేదు. తోక మీదే చూపు పెట్టి వెనకాల నడిచింది. వంతెన దగ్గర ఆవు ఆగి తోక ఎత్తింది. ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి కాళ్ళ ముందు పేడ. ఒంగి, వేళ్ళతో విడదీసి చూసింది. ఎర్రగా ఏమీ లేదు.

చెయ్యి కాలవలో కడుక్కుని, మళ్ళీ తోక వెనకే నడిచింది.