మొగలేటి ఉప్పుతీర్పు

వైశాఖమాసపు ప్రచండభానుడు పశ్చిమాద్రికి మొగ్గుచుండియు తన వేడిమిని వీడక మొగలేటిపట్టణమును మూడువైపుల చుట్టియున్న ఉప్పుమళ్ళను కరగిన వెండిరేకులవలె మెఱయింపుచుండగా, ఏటిమొగనుండి వీచు గాలి మొగలిపూల పరిమళమును ఉప్పుధూళిని ఏకముచేసి చావడిముంగిట గుమిగూడిన జనుల పెదవులపై చల్లుచుండెను. తల్లిచంకనున్న పసికందుసైతము పెద్దల మొగములు చూచి యేడుపు మఱచియుండెను.

ఏటియొడ్డున ఎగువనుండి దిగువదాక నున్న యేడు పట్టణములు కూడి కట్టుకొన్న సప్తపురసమాఖ్యలో మొగలేరు ఇకమీదట నుండవలయునా విడివడవలయునా యను నిర్ణయము ఆ సాయంకాలమే జరుగవలసియుండెను. విడివడవలయునని పట్టుపట్టి వాడవాడ తిరిగి జనుల నుఱ్ఱూతలూపినవాడు పట్టణమంత్రియైన బేతన ప్రెగ్గడ. యువకుడు, వాగ్మి, మొన్నటి ఫాల్గుణమున పెండ్లియైనవాడు. చిత్రమేమనగా ఆతడు చేపట్టిన మేచాంబ సమాఖ్యకు రాజధానియైన హేమగిరిపురపు ఆడపడుచు.

ప్రెగ్గడ అరుగెక్కి చేయెత్తెను.

“అన్నలారా! అక్కలారా! ఏడూళ్ళవారము కలసియుందమన్నప్పుడు మన తాతలు సంతసించిరి. రేవుసుంకములు పోయినవి, దారిదొంగల భయము పోయినది, కాదనను. కాని నేడేమైనది? మన యుప్పు కంటికి తెల్లగా లేదట! కడిగి తెల్లపఱచినగాని అంగడి కెక్కరాదట! ఆ శాసనము వ్రాసినవాడు ఏనాడైన ఉప్పుమడిలో కాలు పెట్టెనా? ఏ తూముతో మన పంటను కొలుతురో ఆ తూము అడుగు మనకు చూపరు. అడుగు చూపని తూమునకు తలవంచుట స్నేహమా, దాస్యమా?”

ప్రెగ్గడ పక్షమువారైన కొఠారువాడ జనులు హోరుమనిరి. అప్పుడు ఎదుటిపక్షమునకు పెద్దయైన ముత్యాలవర్తకుడు కొమ్మిసెట్టి కఱ్ఱపై గడ్డ మానించి తాపీగా పలికెను.

“బాగు బాగు! మఱి ఫాల్గుణమున నీ పెండ్లిపడవ అన్ని రేవులు దాటి వచ్చెనే, సుంక మెవరికి కట్టితివి నాయనా? రేపు నీ యత్తగారు కూతును చూడవచ్చిన రేవులో నిలిపి సారెగంప వెదకింతువా?”

అంతవఱకు బిగిసియున్న జనులు గొల్లున నవ్విరి.

“మా యత్తగారి సుంకము నేనే కట్టెదను మామా! నీ ముత్యములకు మాత్రము నీవే కట్టుకొనవలయును.”

ఈమాఱు నవ్వు రెట్టించెను. సెట్టి మాత్రము నవ్వలేదు. “పడమటిదిక్కున గుఱ్ఱపుదండులు కదలుచున్నవని వేగులవారు చెప్పుచున్నారు. మందవిడిచిన గొఱ్ఱెను తోడేలు మఱచునా అబ్బాయీ?” అనెను. ప్రెగ్గడ యెదలో ఆ మాట ముల్లై నాటెను గాని మొగమున తోపనీయలేదు.

ఉప్పు పండించు ఆ పట్టణమున తీర్పు చెప్పునదియు ఉప్పే. చావడిలో తెరచాటున రెండు నీటికడవ లుంచుదురు. పసుపు పూసినది ఉందమనువారిది, సున్నము పూసినది వీడుదమనువారిది. ఇంటి కొక్కరు లోనికేగి పిడికెడుప్పు తమకిష్టమైన కడవలో వేసివత్తురు. పిమ్మట రెంటను కోడిగ్రుడ్లు విడువగా ఏ కడవలోని గ్రుడ్డు మిట్టగా తేలునో ఆ పక్షము గెలిచినట్లు. ఏ పక్షపు కడవను ఆ పక్షమువారి వాడనూతి నీటితోనే నింపుదురు. అందుచేత నీటిలో ముందే ఉప్పు కలుపలేదని సాక్ష్యము కావలయును. ఆ సాక్ష్యము పై యూరినుండి క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలిది. ఆమె రెండు కడవల నీటిని చవిచూచి ‘తియ్యన’ యని చెప్పినగాని తెర కట్టరాదు. ఆ యేడు క్రొత్తకోడలు మేచాంబయే.

“వాది యితడు, సాక్షి యీతని యిల్లాలు! మాకేల యీ యెండ?” అని యెవడో గొణిగెను. తీర్పు జరిపించు ముసలి పోలవ్వ వానిని కసరి, “రా తల్లీ, పుక్కిట పట్టి చెప్పుము” అని దొన్నె నందిచ్చెను.

మేచాంబ పసుపుకడవనీరు మ్రింగి “తియ్యన” అనెను. సున్నపుకడవనీరు పుక్కిట పట్టెను. పట్టి, మ్రింగదు. ఉమియదు.

ఆమె యెడమకనుబొమ తృటికాలము పైకెగసెను. పచ్చిమామిడి కొఱికినప్పుడు, మగడు పాడినప్పుడు, కూరలో కారము మించినప్పుడు ఆ కనుబొమ యెట్లెగయునో రెండుమాసములుగా మురిసి మురిసి చూచుచున్న మగడు గనుక ప్రెగ్గడ కొక్కనికే అది తెలిసెను. నీరు ఉప్పన! కొఠారువాడనూతిలోనికి ఈ వేసవిని సముద్రపుటూట యెక్కినదన్నమాట. దానిని నిత్యము త్రాగువారికి తెలియలేదు. పడవపై వచ్చు ఏటినీరు త్రాగు తన యింటివారికిని తెలియలేదు.

మేచాంబ మగనివంక చూచుచుండెను. తాను తల యూపిన ఆమె మ్రింగును. ‘తియ్యన’ యనును. ఇరుపక్షములు సరితూగుచున్న ఆ పూట ఆ కాస్త ఉప్పే చాలును. తన గెలుపు ఆమె పుక్కిట నున్నది. తాను ఇప్పుడే తిట్టిపోసిన, అడుగు చూపని తూము తన చేతికే వచ్చినదని ప్రెగ్గడకు తోచెను.

“మ్రింగకుము, ఉమ్మివేయుము!” అని యఱచెను.

ఆమె ఉమ్మివేసి, నిట్టూర్చి, “ఉప్పన” అనెను.

కొఠారువాడ భగ్గుమనెను. “పుట్టి బుద్ధెఱిగి త్రాగుచున్న మా నీళ్ళు ఉప్పనా? పుట్టింటిపక్షము పట్టినది!” అని కొందఱు ముందుకు దూకిరి. కొమ్మిసెట్టి దొన్నెడు త్రాగిచూచి, “తియ్యగానే యున్నవే!” యని తెల్లబోయెను. ప్రెగ్గడయు త్రాగెను. పుట్టినది మొదలు ఉప్పుధూళి మ్రింగిన ఆతని నాలుకకును తియ్యగానే తోచెను. భార్యవంక చూచెను. ఆమె కన్ను వాల్చలేదు.

“నా నాలుకకును తియ్యనే. మన నాలుకలు చాలవనియే గదా పెద్దలు పై యూరి బిడ్డను సాక్షిగా పెట్టిరి! గెలిచినచో అందఱము చూచుచుండగా గెలుతము, లేకున్న ఓడుదము” అని ఆతడు సున్నపుకడవను కాలితో తన్ని దొరలించెను.

పడవవాండ్రు ఎగువకు పోయి నడియేటినీరు తెచ్చి రెండు కడవలను నింపిరి. మేచాంబ మరల చవిచూచి ‘తియ్యన, తియ్యన’ యనెను. తెర కట్టిరి. పిడికిళ్ళు మూసి పోయినవారు చేతులు దులుపుకొనుచు వచ్చిరి. సంధ్యారుణకాంతిలో పోలవ్వ గ్రుడ్లు విడిచెను. రెండును తేలెను. సున్నపుకడవలోనిది గోరంత తేలెను, పసుపుకడవలోనిది పోకచెక్కంత తేలెను.

మొగలేరు సమాఖ్యలోనే నిలిచెను.

తన వాడవారు తలలు త్రిప్పుకొని పోవుచుండగా ప్రెగ్గడ కదలక నిలిచెను. కొమ్మిసెట్టి దగ్గఱకు వచ్చి, “హేమగిరికొలువున మన పీఠమొకటి యీ నెలతో ఖాళీ యగుచున్నది. నీవు పోవలయును” అనెను.

“ఎగతాళియా మామా? అక్కడను కాదనియే యందును.”

“అందులకే పంపుచున్నాను. ఔననుటకు మావాండ్రు కావలసినంతమంది కలరు.”

మేచాంబ వచ్చి మగని చిటికెనవ్రేలు పట్టుకొని, “మా యూరి మెట్లు నిటారుగా నుండును, అలసిపోవుదురేమో!” అని మెల్లగా నవ్వెను.

పోలవ్వ ఆచారముప్రకారము రెండు కడవలను ఒక్క మడిలోనికే వంపించెను. ఉందమన్నవారి నీరును వీడుదమన్నవారి నీరును నుఱుగుకట్టి కలసిపోయి చెఱుగులేని యద్దమై చివరివెలుగును పట్టి నిలిచెను. మఱునాటి యెండకు అది యంతయు నొక్క ఉప్పై పేరుకొనగా వాడవాడవారు గంపలతో వచ్చి, ఎవరి పిడికె డేదియో యడుగక, పంచుకొని యిండ్లకు కొనిపోయిరి.