పదమూడో పేరు

వాళ్ళు రక్తం ఇచ్చింది నా మొహం చూసి. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు.

రెండువేల ఎనిమిదిలో నేను విజయవాడలో ఒక ప్రైవేటు పరిశోధనా కేంద్రంలో టెక్నీషియన్ని. బెంగాల్లో కోళ్ళకి బర్డ్ ఫ్లూ వచ్చిందని పేపర్లన్నీ గోలపెడుతున్న రోజులు. మా డైరెక్టరు వెంకటప్పయ్య గారు ఒక యంత్రం తయారుచేశారు. బంగారు పూత వేసిన గాజుబిళ్ళకి ఫ్లూ వైరస్ ముక్కలు అంటించి, దానిమీద రక్తం నుంచి తీసిన సీరం ఒక చుక్క వేసి, కింద నుంచి కాంతి పంపుతారు. ఆ ఫ్లూతో ఎప్పుడైనా పోరాడిన యాంటీబాడీలు ఒంట్లో ఉంటే బిళ్ళకి అతుక్కుంటాయి. తిరిగొచ్చే కాంతి కాస్త పక్కకి జరుగుతుంది, కంప్యూటర్లో గీత పైకి లేస్తుంది. మంచి యంత్రమే. దాన్ని తిట్టను.

కొల్లేటి పక్కన బాతులూ చేపలూ ముట్టుకునేవాళ్ళ రక్తం కావాలన్నారు. మా ఊరు అక్కడే. మన హేమే గదా అని నలభై మంది వరసగా చేతులు చాపారు. అందరికంటే ముందు కూర్చున్నది మా మేనత్త అంకాలమ్మ. పన్నెండు మందికి గీత లేచింది, అందులో అత్త ఒకతె. వాళ్ళని ఇంకోసారి రక్తం ఇవ్వడానికి రమ్మంటూ, పైన 'ఫ్లూ పాజిటివ్' అని పెట్టి, సార్ పంచాయతీకి పేర్లు పంపారు. టైపు చేసింది నేనే, బుద్ధి లేకుండా.

మా పంచాయతీలో ఒక అలవాటుంది. పేర్లున్న కాగితం ఏదొచ్చినా, పింఛనుదైనా రేషనుదైనా, గుమాస్తా రత్తయ్య బోర్డుకి అంటించేస్తాడు. ఇదీ అంటించాడు.

అంతే, కొంప మునిగింది. అది కోళ్ళ రోగమేనని గుడివాడ దాకా పాకింది. అత్త ఇరవై ఏళ్ళుగా చేపల గంపతో పొద్దున్నే బస్సెక్కి గుడివాడ వెళ్తుంది. అక్కడ ఆమె దగ్గర వాడుకగా కొనే ఇళ్ళు పాతిక. కాగితం పడ్డ మర్నాడు కండక్టరు గంప ఎక్కనివ్వలేదు. ఆటోలో వెళ్తే, ఆమె తెచ్చిన కొర్రమీను తప్ప ఇంకోటి ముట్టని ఇళ్ళవాళ్ళు గేటు లోపల్నుంచే ఇక రావద్దులే అన్నారట. చేపలన్నీ సాయంత్రం పారబోసింది. ఫోనులో ఏడవలేదు.

"నాకేం రోగమొచ్చిందే హేమా? దాచకుండా చెప్పు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది, ముందు నామీద నాకే. రోగమే లేదు. యంత్రాన్ని సరిచూడ్డానికి ఆ బిళ్ళమీద వేసింది మామూలు ఫ్లూ, ఏటా ఇంటింటికీ వచ్చిపోయేది. పక్షులది మా దగ్గరికి ఇంకా రానేలేదు. గీత లేచిందంటే ఎప్పుడో జ్వరం వచ్చిందని, ఒళ్ళు దాన్ని గెలిచిందని. ఆ ముక్క రాసి సంతకం పెట్టమని సార్ని అడిగాను. వచ్చే వారం యంత్రాన్ని చూడ్డానికి ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారని, ఇప్పుడు అలాంటి ఉత్తరం రాస్తే యంత్రాన్ని అనుమానిస్తారని, ఊళ్ళోవాళ్ళు నాలుగు రోజుల్లో మర్చిపోతారని అన్నారు. టీ తాగుతూ అన్నారు. మర్చిపోతారట. వాడుక ఇల్లు ఒకసారి ఇంకో గంపకి మరిగితే తిరిగి రాదని ఆయనకేం తెలుసు?

ఆరోగ్యంగా ఉన్న మనిషికి గీత ఎంత చదునుగా ఉంటుందో ఢిల్లీవాళ్ళకి చూపించాలని ఆయన ముచ్చట. ఎవరిదో ఎందుకు, నాదే తియ్యమని చొక్కా చెయ్యి మడిచారు. తీశాను. సీరం చుక్క వేశాను. గీత లేచింది, అత్త గీత కంటే పైకి.

సార్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"డిసెంబర్లో జ్వరం వచ్చిందిలే. ఇది మామూలు ఫ్లూ."

"వాళ్ళదీ అదే కదండీ."

"అది వేరు హేమా. ఇది తీసెయ్."

వేరట. ఏం వేరు? నెత్తురు వేరా, బిళ్ళ వేరా? ఆ కాంతికి కనపడని తేడా ఈయనకెక్కడ కనపడింది? బయటికొచ్చాను గానీ తీసెయ్యలేదు. పాత జాబితా తెరిచి, పదమూడో నంబరు వేసి, డాక్టర్ వెంకటప్పయ్య, డైరెక్టర్ అని టైపు చేశాను. ఇది రోగం కాదు, ఎప్పుడో వచ్చిపోయిన మామూలు ఫ్లూ గుర్తు అని కింద రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుందని తెలుసు. పోయింది కూడా.

మర్నాడు ఊళ్ళో బస్సు దిగి నేనే దాన్ని బోర్డుకి అంటించాను. జనం మూగారు. అంత పెద్ద డాక్టరుకీ ఇదేనా అని నవ్వుకున్నారు. నేను గెలిచాననే అనుకున్నాను. ఇంకో కాపీ పట్టుకుని అత్త ఇంటికి పరిగెత్తి, పద, గుడివాడలో గేటు గేటుకీ ఇది చూపిద్దాం అన్నాను.

అత్తకి చదువు రాదు. పదమూడో పేరు మీద ఆమె వేలు పెట్టించి, ఎవరిదో చెప్పాను.

"మరి ఈయనింటికి పాలవాడు రావటం మానేశాడా?" అంది.

మానెయ్యలేదన్నాను. అత్త కాగితం మడిచి నా చేతికిచ్చేసింది.