సునయన చేతిలో పాలు

వ్యాసర్పాడి రైలు యార్డు వెనక సందులో గ్యాస్ అయిపోయిన వాళ్ళు సునయన దగ్గరికి వచ్చేవాళ్ళు. కోపమొస్తే ఆమె చేతిలో ఏముంటే అది కాగుతుంది. పక్కింటి ఆనందన్ పెళ్ళాం చల్లారిన కాఫీ గ్లాసు ఆమె చేతికిచ్చి, "మీ పుట్టింటోళ్ళు పెట్టిన చీర ఒక్క ఉతుక్కే వెలిసిపోయిందే" అనేది. కాఫీ పొగలు కక్కేది. "థాంక్స్‌క్కా" అని పట్టుకుపోయేది.

సునయన మామ తిరువేంగడం ఇంటి వెనకాలే రెండు ఆవుల్ని పెట్టుకుని వాడుక ఇళ్ళకు పాలు పోసేవాడు. పొద్దున్నే నురగ చల్లారకముందే ఒక చెంబుడు పచ్చిపాలు తాగందే ఆయనకు తెల్లారదు. "కాస్తే పాలల్లో సత్తువంతా పోతాది" అనేవాడు. కొన్నాళ్ళుగా సాయంత్రమైతే చాలు జ్వరం, నడుంనొప్పి, దుప్పటి తడిసేంత చెమట. యార్డు దుమ్ము పడలేదనేవాడు గానీ ఆస్పత్రికి మాత్రం కదిలేవాడు కాదు.

మనవరాలు, సునయన కూతురు ప్రీతి మొదటి పుట్టినరోజున, చుట్టాలందరి ముందూ, అప్పుడే పితికిన పాలు గ్లాసులో తెచ్చాడు.

"ఏడాది నిండిన బిడ్డకి పచ్చిపాలు పట్టడం మా ఇంటి ఆనవాయితీ."

"వద్దు మామా, కాచి ఇస్తాను. పచ్చిపాలతో బిడ్డలకి రోగాలొస్తాయని టీకాలేసే నర్సమ్మ చెప్పింది."

"మేమంతా తాగి పెరగలా? ఏమైపోయినాం?"

"మరి మీ జ్వరం?"

సునయన ఆయన చేతిలోని గ్లాసు అందుకుంది. కానీ అప్పుడామెకు కోపం రాలేదు, భయమేసింది. పాలు ఇంకా చల్లబడ్డాయి. తిరువేంగడం నవ్వాడు.

"చూస్తివా, నీ చెయ్యే అడ్డం చెప్పల్యా."

భర్త బాబు ఆమె చెవిలో గొణిగాడు. "ఒక్క గుక్కే కదా. ఇంతమందిలో మా నాయన పరువు తియ్యొద్దు."

"బిడ్డకేమైనా అయితే పరువొచ్చి కూర్చుంటుందా ఆస్పత్రిలో?" ఆ మాట సందు చివరిదాకా వినపడింది. పాలు మరిగాయి, పొంగాయి, వేళ్ళ మీదుగా కారాయి. ఆమె గ్లాసు వదల్లేదు. ఆనందన్ పెళ్ళాం నేల తుడవడానికి గుడ్డ తెచ్చింది. సునయన బిడ్డను చంకనేసుకుని అక్కడే, అందరి మధ్యా, పాలు గోరువెచ్చనయ్యేదాకా నిలబడింది. అప్పుడు తాగించింది.

ఆ సాయంత్రం మామకు మళ్ళీ జ్వరం. సునయన ఆటో పిలిచింది.

"లేవండి మామా."

"నేను రాను. నాకు చెప్పేదానికి నువ్వెవురు?"

"మీ కోడల్ని. లేవండి."

ఆయన లేచాడు.

రక్తపరీక్షలో బయటపడింది. ఆవులకు సోకి, పచ్చిపాలతో మనుషులకు అంటుకునే జ్వరమట. వారాల తరబడి మాత్రలు మింగితే తగ్గుతుందనీ, ఆవులకూ పరీక్ష చేయించాలనీ డాక్టరు చెప్పాడు.

"పాలు కాచే తాగుతారా?" అని అడిగాడు.

తిరువేంగడం కోడలి వైపు చెయ్యి చూపించాడు. "ఇంతకాలం ల్యా. ఇంక పచ్చివి తాగుదామన్నా ఈమె తాగనియ్యదు."

"తాగనియ్యను" అంది సునయన.