గదిలో మాట

"తలుపులు మూసుకుని అంతమంది మగవాళ్ళు ఏం మాట్లాడుకుంటారు? ఎప్పటికైనా ఇది నా కొడుకు ప్రాణం మీదికే వస్తుంది," అంది పెర్ల్, పొగబెట్టిన చేపముక్కల డబ్బా మూత బిగిస్తూ.

ఆ కొడుకు సేథ్ అక్కడే చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. నడివయసువాడు. విడాకులయ్యాక తల్లి దగ్గరే ఉంటున్నాడు.

"బేగెల్ రొట్టెలు తింటాం, చచ్చిపోయిన మా నాన్నల్ని తిట్టుకుంటాం, ఇంటికొచ్చేస్తాం. అంతేనమ్మా. నీకు గాలి వీచినా తుఫానే!"

"నాతో చెప్పలేనిది వాళ్ళతో ఏముందిరా?"

"గదిలో మాట గదిలోనే ఉంటుందమ్మా. అందుకే నోరు విప్పగలుగుతున్నాం."

క్లీవ్‌లాండ్‌లో వాళ్ళ సినగాగులో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, ఆదివారం ప్రార్థన అయ్యాక మగవాళ్ళు గుండ్రంగా కూర్చుంటారు. వంతు వచ్చినవాడు మనసులోది చెబుతాడు. మిగతావాళ్ళు వింటారు. సలహా ఇవ్వకూడదు, విన్నది గడప దాటించకూడదు. ఆ నియమాన్ని వాళ్ళు మహా గొప్పగా చెప్పుకునేవారు. పెర్ల్‌కు మాత్రం ఆ మూసిన తలుపు గుర్తొచ్చినప్పుడల్లా మనసు కీడు శంకించేది. ఆవిడకు దిగుళ్ళకేం కొదవ? భర్త హైమన్ పోయాక పారేయడానికి చేతులు రాక దాచుకున్న ఆయన గుండెజబ్బు మాత్రల సీసా కొంతకాలంగా కనిపించడం లేదు. అది కూడా ఒక దిగులే.

తరువాతి శనివారం సాయంత్రం సేథ్ మెట్ల మీదే కుప్పకూలాడు.

ఆదివారం తెల్లవారాక ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది: "గుండె దెబ్బతింది. నొప్పి ఎప్పటి నుంచి ఉంది? ఏమైనా మందులు వాడుతున్నాడా? తెలియకుండా మేం ఇంకో మందిస్తే ప్రమాదం." సేథ్ స్పృహలో లేడు. పెర్ల్ కు ఏమీ తెలియదు. కన్నతల్లి అయ్యుండి!

ఆ బృందాన్ని నడిపే నార్మన్‌కు ఫోన్ చేసి, "సేథ్ పడిపోయాడు," అని మాత్రం చెప్పింది.

"అయ్యో! గుండేనా ఆంటీ?"

పెర్ల్ ఫోన్ ను చెవికి గట్టిగా అదుముకుంది. గుండె అని ఆవిడ అననే లేదు.

"నీకెలా తెలుసురా?"

"అది... గదిలో మాట ఆంటీ. నేను చెప్పకూడదు."

ఆసుపత్రికి రెండు వీధుల అవతలే సినగాగు. కోటు కూడా వేసుకోకుండా వెళ్ళి, ఆ తలుపు తోసింది. కాఫీ కప్పులు పట్టుకుని కూర్చున్న మగవాళ్ళందరూ ఒక్కసారిగా తలలెత్తారు.

"ఆంటీ, ఇక్కడికి ఆడవాళ్ళు..."

"రాకూడదా? ప్రతి ఆదివారం నువ్వు తినే చేప ఎవరు పంపుతున్నారురా నార్మన్? అది రావచ్చు, నేను రాకూడదా?" పెర్ల్ గుండ్రంగా వేసిన కుర్చీల మధ్యకు వచ్చి నిలబడింది. "నా కొడుకు గుండె నొప్పి అని మీ ముందు చెప్పుకున్నాడు. మీరు తలలూపి, కాఫీ తాగి, ఇళ్ళకు పోయారు. నేను వాడి చేత మంచు తవ్వించాను! బట్టల బుట్టలు మోయించాను!"

"మాటిచ్చాం ఆంటీ. ఈ నియమం లేకపోతే ఎవడూ నోరు విప్పడు."

"ఏం నియమం? నేను పెద్దగా చదువుకోలేదు. కానీ ప్రాణం పోతుంటే సబ్బాతు విశ్రాంతి దినాన్నైనా పక్కన పెట్టమన్నారని మనలో పసిపిల్లలకు కూడా తెలుసు. దేవుడి నియమమే పక్కకు తప్పుకుంటుందట! మీది అంతకంటే గొప్పదా? కుర్చీలు గుండ్రంగా వేసుకుంటే దేవుడు ఆజ్ఞలిచ్చిన సీనాయి కొండ ఎక్కినట్టా?"

ఆవిడ చూపు మిల్టన్ మీద ఆగింది. హైమన్ స్నేహితుడు. జీవితమంతా మందుల షాపు నడిపినవాడు.

"నువ్వు కూడా ఉన్నావు మిల్టన్. వాడు ఏం మింగుతున్నాడో డాక్టరుకు కావాలి. చెప్పు."

మిల్టన్ నేల చూపులు చూశాడు. పెర్ల్ కదల్లేదు. అవసరమైతే సాయంత్రం దాకా అలాగే నిలబడేలా ఉంది.

చివరికి మిల్టన్ కప్పు కింద పెట్టాడు.

"పోయిన వసంతంలో పస్కా పండుగ నుంచి, పెర్ల్. నొప్పి వచ్చినప్పుడల్లా హైమన్ మిగిల్చిన మాత్రలే వేసుకుంటున్నాడు. సీసా తెచ్చి నాకు చూపించాడు కూడా. నీకు తెలిస్తే భయంతోనే పోతావన్నాడు. మానెయ్ రా అనడానికి నా నోటి దాకా వచ్చింది... సలహా ఇవ్వకూడదుగా." లేచి కోటు అందుకున్నాడు. "పద. మందు పేరు డాక్టరుకు నేనే చెబుతాను."