జొన్న పిలకలు మేసిన రోజు

మా బర్రెను బందెలదొడ్లో పెట్టింది మా ఆయనే.

మా ఊళ్లో పశువుల ఆసుపత్రీ, బందెలదొడ్డీ ఒకే ప్రహరీలో ఉంటాయి. పరాయి చేలో పడ్డ గొడ్లను తోలుకొచ్చి దొడ్లో పెడితే, గొడ్లు గలవాళ్లు జరిమానా కట్టి విడిపించుకుపోవాలి. ఆ దొడ్డికి కాపలా మా ఆయన ముర్తుజా. గేటు పక్కనున్న రేకుల గదిలో మా కాపురం.

ఆ రోజు బ్రహ్మయ్య బాబాయి ఐదు గొడ్లను తోలుకొచ్చి, తన మిరప తోట తొక్కినయ్యని కేకలేశాడు. నాలుగు ఎవరివో, ఐదోది మాది. మా ఆయన మొహమాటపడకుండా దాన్నీ లోపలికి తోలి గేటుకి గొలుసేశాడు.

నాకు ఒళ్లు మండింది. మా పిల్లోడు మౌలాలీ ఇంకా నడవటంలేదు. నా పాలు చాలక వాడికి ఆ బర్రె పాలే పడుతున్నా. వాడు తుమ్మితేనే నాకు అన్నం సయించదు. నేను లోపలికి పోయి బర్రె పలుపు పట్టుకుని గోడవారకి లాగాను.

"సొంత బర్రెని బందెలో పెట్టే మగాణ్ణి నిన్నే చూస్తున్నా."

"మనదని వదిలేస్తే రేపు ఊరంతా వదలమంటారు. ఊరుకో."

"ఊరుకుంటా. సాయంత్రం నీ కొడుక్కి నువ్వియ్యి పాలు."

ఆయన మాట్లాడుతూనే తొట్లోకి నీళ్లు తోడుతున్నాడు. దొడ్లోకి ఏ గొడ్డు వచ్చినా ముందు నీళ్లు చూపించడం ఆయన అలవాటు. మేత ఉన్నా లేకపోయినా, నా చేతికింద ఏ గొడ్డూ దప్పికతో నిలబడకూడదంటాడు. ఆ నాలుగూ కడుపునిండా తాగినయ్యి. మాదాన్ని మాత్రం నేను తొట్టి దాకా పోనీలేదు. ముందు విడిపించు, తరవాతే నీళ్లని పట్టుబట్టాను.

ఇంతలో తెల్ల పెయ్య ఒకటి వణికి, నురగ కక్కుతూ పడిపోయింది. దాని వెనకే ఇంకో రెండు ఆవులు కూలబడినయ్యి. గేటు కాడ జనం మూగారు. బ్రహ్మయ్య చేలో మందు పెట్టాడని ఎవరో అన్నారు. నేను కూడా ఊరుకోలేదు.

"ఏం పెట్టావు బాబాయ్ చేలో?"

"నా చేలో నేను విషమెందుకు పెట్టుకుంటానే?" అన్నాడు బ్రహ్మయ్య.

ఆసుపత్రి గదిలోంచి డాక్టరు కృపాదానం గారు సంచీ పట్టుకుని పరుగున వచ్చారు. ఆవు పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు. రక్తం అద్దినట్టు ఎర్రగా ఉన్నాయి.

"మిరపలోకి రాకముందు ఎక్కడ మేసినయ్యి?"

బ్రహ్మయ్య ఆలోచించి నెత్తి కొట్టుకున్నాడు. "కోసిన జొన్న చేలో సార్. మోళ్లకి పిలకలొచ్చినయ్యి. మిరప తొక్కినయ్యన్న కోపంలో ఆ సంగతే చెప్పలా."

"నాము," అన్నారు డాక్టరు. "వాన లేక గిడసబారిన జొన్న పిలకల్లో ఉండే విషం. దాని మీద నీళ్లు తాగితే ఇంకా తొందరగా ఎక్కుతుంది."

మా ఆయన చేతిలో బక్కెట్టు అట్టాగే ఉంది. మెల్లగా కింద పెట్టాడు.

"నీకెవరూ చెప్పలేదు కదయ్యా. రా, మెడ పట్టుకో," అన్నారు డాక్టరు.

పెయ్య సూది గుచ్చేలోపే పోయింది. పడిపోయిన రెండు ఆవులకీ మెడ నరంలోకి మందు ఎక్కించారు. దాంతో ఉన్న మందు అయిపోయింది. ఇంకా ఒక దూడా, మా బర్రే మిగిలినయ్యి.

"ఇది నీళ్లు తాగలేదా?" అన్నారు మా బర్రెను చూసి.

"లేదు సార్."

"ఏం?"

"మేమిద్దరం పోట్లాడుకుంటున్నాం సార్."

"మంచి పని చేశారు. కానీ ఇదీ మేసింది. కాసేపట్లో దీనికీ ఎక్కుతుంది."

ఆయన అంటుండగానే దాని వెనక కాళ్లు వణకడం మొదలైంది. నా చంకలో మౌలాలీ ఏడుపు అందుకున్నాడు.

"ఆ మందు ఇంకెక్కడా దొరకదా సార్?"

"కరువు కదమ్మా, తెచ్చిందంతా పల్లెల్లోనే అయిపోయింది." డాక్టరు ఖాళీ సీసా సంచీలో పడేశారు. "ఫోటో స్టూడియోలో ఉంటుంది. ఫోటోలు కడిగే హైపో ఇదే మందు. సూదికి పనికిరాదు, కలిపి తాగించొచ్చు."

బ్రహ్మయ్య సైకిలు తీశాడు గానీ ఎక్కలేదు. "నేనడిగితే ఆ స్టూడియో మొహిద్దీన్ ఇవ్వడమ్మాయ్. మా పిల్ల పెళ్లి ఫోటోల్లో నా తలకాయ రాలేదని బజార్లో తిట్టా."

"నేనొస్తా. పద."

ఎవరి సైకిలూ ఎక్కని దాన్ని, పిల్లోణ్ణి ఒళ్లో పెట్టుకుని బ్రహ్మయ్య వెనక కూచున్నా. గేటు కాడ ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వుకోనీ.

ఖాజా మొహిద్దీన్ మాకు దూరపు చుట్టం. చీకటి గది తెర తీసి తల బయటపెట్టాడు.

"మామూ, హైపో కావాలి."

"ఎవరికే?"

"బర్రెకి."

"బర్రెకి ఫోటో కావాలంటే ఇక్కడికి తోలుకురా. కుర్చీ ఉంది."

"చచ్చిపోయేట్టుంది మామూ. డాక్టరు గారు తెమ్మన్నారు."

నవ్వు ఆపాడు. "పెళ్లి ఫోటోలు కడుగుతున్నానే. ఇప్పుడు హైపో ఇస్తే అవన్నీ పాడైపోతయ్యి. వాళ్లు సాయంత్రం వస్తారు."

"వాళ్లని రేపు రమ్మను. నా బర్రెకి రేపు లేదు."

నేను గుమ్మంలోంచి కదల్లేదు. ఆయన నా వెనక్కి చూశాడు.

"ఆ తలకాయ లేనాయన ఎందుకొచ్చాడు?"

"సైకిలు ఆయనది మామూ."

డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇంత బరువు పట్టుకుని పిల్లోణ్ణెట్టా పట్టుకుంటావ్? ఇటియ్యి వాణ్ణి."

మౌలాలీని మా అమ్మ చేతుల్లో కూడా ఎప్పుడూ వదిలిపెట్టలేదు. వాడు నా కొంగు పట్టుకున్నాడు. ఆ వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, వాణ్ణి మామూకి ఇచ్చి, డబ్బా కావలించుకున్నా. "ఆ మందుల దగ్గరికి పోనీకు," అన్నా. సైకిలెక్కాక వెనక్కి తిరగలేదు.

మేమొచ్చేసరికి బర్రె ముందుకాళ్ల మీదికి వాలింది. డాక్టరు పటికలాంటి ఆ తెల్ల పలుకులు నీళ్లలో కలిపారు.

"నీళ్లు తాగితే ఇంకా ఎక్కుతుందన్నారుగా సార్?" అన్నా నేను.

"ఈ కాసినీ పోకుండా మందు లోపలికెట్టా పోతుంది? దవడ పట్టుకో. తల మరీ ఎత్తకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

నేను దవడ పట్టుకున్నా. మా ఆయన వెదురు గొట్టంతో పోశాడు. బర్రె తల విదిలిస్తే నా మోచెయ్యి గోడకి గీరుకుపోయింది. వదల్లేదు. తరవాత దూడకి పోశాం. కాసేపాగి రెండింటికీ మళ్లీ పోశాం. బ్రహ్మయ్య పెయ్య మీద గోతం కప్పి, చెప్పకుండానే మా ఆయన పక్కన కూచుని దూడ మెడ పట్టుకున్నాడు.

పొద్దు వాలుతుండగా, ఆవులూ దూడా తేరుకున్నాక, బర్రె చెవి కదిలింది. తరవాత వెనక కాళ్లు కూడదీసుకుని లేచింది. చానాసేపు అట్టాగే నిలబడి, నెమరేయడం మొదలెట్టింది. మా ఆయన నావంక చూసి మొహం తిప్పుకున్నాడు. చొక్కా భుజానికి కళ్లు తుడుచుకోవడం నేను చూశా.

"ఈ పూట పాలు పిండి పారబొయ్యి," అన్నారు డాక్టరు. "పిల్లోడికి గంజి పట్టు."

మొహిద్దీన్ మామూ మౌలాలీని తెచ్చిచ్చాడు. వాడి చేతిలో ఖాళీ రీలు డబ్బా ఉంది. నేను వాడి నోరు వాసన చూశా.

"ఇచ్చిన సొత్తు ఇచ్చినట్టే తెచ్చానే," అన్నాడు మామూ. మిగిలిన హైపో అడిగితే మాత్రం నేనివ్వలేదు.

ఆ డబ్బా ఇప్పుడు మా గదిలో, పిల్లోడికి అందని గూట్లో ఉంది. మా ఆయన నీళ్ల తొట్టి మీద రేకు మూత పెట్టాడు. ఎవరు గొడ్లను తోలుకొచ్చినా, పిల్లోణ్ణి చంకనేసుకుని నేనే ముందుపోయి ఆ మూత మీద చెయ్యేసి నిలబడతా. నిన్న ఒకాయన ఎండన పడొచ్చి, ముందు గొడ్లకి నీళ్లు పెట్టమని కసురుకున్నాడు.

"పెడతా," అన్నా. "ఏ చేలో మేసినయ్యో చెప్పు."