డి డ్రైవ్‌లో పెట్టిన ఫోల్డర్

స్క్రూ పిన్ని కంప్యూటర్ల రిపేరు షాపు పొద్దున పదింటికి తెరుచుకుంటుంది. షట్టరు ఎత్తడం, బల్ల తుడవడం, నాలుగు చిన్న స్క్రూలు పెదాల మధ్య ఇరికించుకోవడం, ఆ తర్వాతే మనుషులతో మాటలు. స్క్రూలు నోట్లో ఉండగా ఆవిడ చెప్పేది సగమే అర్థమవుతుంది కాబట్టి ఎవరూ వాదనకు దిగరు.

ఆ రోజు మొదటి బేరం ఇళ్ల ప్లాన్లు గీసే ఆవిడది. వెంట మొగుడు, కళ్లద్దాల షాపాయన. మర్నాడు పదిన్నరకి ఇద్దరూ లాయరు దగ్గర విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టాలి. అయినా ఆయన రాక తప్పలేదు. ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి కొత్తది వేసేటప్పుడు అది ఎవరిదో వాళ్ల బుర్ర కూడా కాసేపు ఖాళీ అవుతుంది కదా, పక్కన బాగా తెలిసినవాళ్లు ఒకరుండాలి. ఆ మధ్య ఒకాయన ఒంటరిగా వచ్చి, వంద శాతం కాకుండానే కుర్చీలోంచి లేచి, ఎవరింటికో వెళ్లి భోజనానికి కూర్చున్నాడు. వాళ్లు మొహమాటపడి వడ్డించారు కూడా. ప్లాన్ల ఆవిడ చెల్లెలు ఊళ్లో లేదు. ఇక మిగిలింది మొగుడే.

పిన్ని ఛార్జరు తగిలించి, దాచుకోవాల్సినవన్నీ కాపీ చేశారా అని అడిగింది. అన్నీ చేశానన్నాడాయన, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ చేతికిస్తూ. ఫోటోలు, ప్లాన్లు, ఉత్తరాలు అందులో ఉన్నాయి. "ఎందుకంటే" అనే ఫోల్డర్ ఒక్కటే పట్టలేదు. దాంట్లో విడిపోవడానికి ముప్ఫై ఒక్క కారణాలున్నాయి, తెరిచావంటే ఊరుకోనని ఆవిడ ముందే చెప్పింది. అందుకని ఆయన దాన్ని తెరవకుండా, సి డ్రైవ్‌లోంచి తీసి డి డ్రైవ్‌లో భద్రంగా పెట్టాడు.

పిన్ని పెన్‌డ్రైవ్ గుచ్చి పాతదంతా చెరిపేసింది. ఇది ఎస్‌ఎస్‌డి, కొత్తరకం డిస్కు, పదిసార్లు తుడవక్కర్లేదు, ఒక్కసారి చాలని గొణిగింది. ప్లాన్ల ఆవిడ తన చేతిసంచీ వంక చూసుకుంది, తర్వాత ఆయన వంక.

"మీరెవరండీ?"

పదకొండేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న. మొగుణ్ని అనాలా, రేపటిదాకా మొగుణ్ని అనాలా ఆయనకి తోచలేదు. "కళ్లద్దాల షాపు" అన్నాడు చివరికి. ఆవిడ తన అద్దాలు తడుముకుని, బాగా కనిపిస్తున్నాయని మెచ్చుకుంది. ఆయన ఎక్కడ చూడాలో తెలియక తెర మీద అంకెలు చూస్తూ కూర్చున్నాడు.

వంద శాతం అయింది. హార్డ్‌డిస్క్ తగిలించగానే ఆవిడ మొహంలోకి ఒక్కొక్కరే తిరిగొచ్చారు, అమ్మ, చెల్లెలు, చివర్లో ఆయన. అంతలో సంచీలో ఫోను రిమైండరు మోగింది. తీసి చూసి కళ్లు చికిలించింది.

"రేపు పదిన్నరకి ఇద్దరం అని ఉంది. ఎక్కడికి?"

ఆయన బిత్తరపోయి పిన్ని వైపు చూశాడు. పిన్ని స్క్రూలు నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టింది. అలా పెట్టిందంటే సంగతి పెద్దదే. ఏం వదిలేశావు బాబూ, అంది. ఆయన డి డ్రైవ్ మాట చెప్పాడు.

"ఒకే గదికి మధ్యలో కర్టెన్ కట్టి రెండు గదులంటే ఎలా? డిస్కు ఒక్కటే. మొత్తం పోయింది."

ఆయనకి ముందు భయం వేసింది. వెంటనే సిగ్గులేని సంతోషం కూడా వేసింది. పళ్ల డాక్టరు దగ్గరికి అంటే అయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎదురుగా ఆవిడ, పెన్ను పట్టుకుని, ఆయన చెప్పింది రాసుకోవడానికి సిద్ధంగా ఉంది.

"లాయరు దగ్గరికి. మనం విడిపోతున్నాం."

"ఎందుకు?"

ఎందుకో తనకేం తెలుసు, ఫోల్డర్ తెరవలేదే అనుకున్నాడు. నోరు తెరిస్తే మాత్రం వచ్చేశాయి. మీ అమ్మ ఆపరేషన్ రోజు నేను ఫ్రేముల ఎగ్జిబిషన్‌లో ఉన్నాను. నీ కోసం నువ్వు గీసుకున్న ఇంటి ప్లాన్ చూపిస్తే తల ఎత్తకుండా బాగుందన్నాను. అందులో వంటింటికి రెండు కిటికీలు. ఒక్కోటీ ఆవిడ ఎప్పుడో ఒకసారి చెప్పిందే, ఆయన పేపరు చదువుతూ ఊఁ కొట్టిందే. ఇవన్నీ ఎప్పుడు విన్నాడో ఆయనకే అంతుపట్టలేదు.

షాపులో పదమూడయ్యాయి. మిగతావి ఇంటి దారిలో, సాయంత్రం, మళ్లీ పొద్దున. ఒక్కటీ తగ్గించలేదు. ఆవిడ కొన్నిచోట్ల ఏడ్చింది, ఒకచోట గిన్నె విసిరింది. ముప్ఫై ఒకటోది చెప్పేసరికి పదిన్నర దాటింది.

"నువ్వు చెప్పేది నేను ఎప్పుడూ వినను. ఇదే చివరిది," అన్నాడాయన.

ఆవిడ రాసి, చదువుకుని, కాగితాన్ని పైనుంచి కిందికి మళ్లీ చూసింది. లాయరు ఫోను మోగుతోంది.

"ముప్ఫై నిజమే అనిపిస్తున్నాయి. ఒళ్లు మండుతోంది కూడా. ఈ చివరిది ఎందుకు రాశానో మాత్రం అర్థం కావట్లేదు."

దాన్ని కొట్టేసి ఫోనెత్తింది. ఈ రోజు రావడం కుదరదండీ, ఇంకా ముప్ఫై గురించి మాట్లాడుకోవాలి, అంది.