ఒక మడత ఎక్కువ

ఏటా సంవత్సరం చివరి రోజు మధ్యాహ్నం నేనొక నాణేన్ని ఉడకబెడతాను. ముందు పాత పళ్ల బ్రష్షుతో సబ్బు పెట్టి తోముతాను. తర్వాత చిన్న గిన్నెలో నీళ్లు పోసి బాగా మరిగించి, సాసర్లో ఆరబెడతాను. ఇత్తడి రంగు పాత నాణెం, బజారులో ఇప్పుడు దాన్నెవరూ తీసుకోరు. మా ఇంట్లో మాత్రం దానికున్న మర్యాద నాకు లేదు. పండక్కి చేసే కుడుముల్లో ఒకే ఒక్కదాంట్లో దాన్ని పెట్టి మూసేస్తాను. కొత్త సంవత్సరం మొదటి పొద్దున అది ఎవరి పంటికి తగిలితే ఆ ఏడాది అదృష్టం వాళ్లది.

ఇరవై ఐదేళ్లుగా అది మా ఆయన గ్వాంగ్‌తావ్ పంటికే తగులుతోంది.

"నేను వెతకను. అదే నన్ను వెతుక్కుంటూ వస్తుంది," అని ఆఫీసులో కూడా చెప్పుకుంటాడట.

వెతుక్కుంటూ వచ్చే దారి నాకు తెలుసు. పెళ్లయిన మొదటి పండక్కి అత్తగారు వంటింటి తలుపు దగ్గరకు వేసి నేర్పింది. "అన్నిటికీ అంచున పదకొండు మడతలు వెయ్యి, దీనికి మాత్రం పన్నెండు. వడ్డించేటప్పుడు చూసుకుని వాడి గిన్నెలో పడేలా వెయ్యి."

"మామయ్యకి కూడా ఇలాగేనా అమ్మా?"

"మరి? నాణెం రాకపోతే పదిహేనో రోజు లాంతర్ల పండగ దాకా మూతి ముడుచుకు కూర్చునేవాడు. ఎవరు పడతారమ్మా ఆ గోల? మగాడి అదృష్టమంటే ఏమిటనుకున్నావు, ఒక మడత ఎక్కువ. అంతే."

అప్పుడు నేను తెగ నవ్వాను. పెద్ద రహస్యంలో నాకూ వాటా దొరికినట్టు గర్వపడ్డాను కూడా. మరుసటి ఏడు నాణెం మళ్లీ తనకే దొరికాక గ్వాంగ్‌తావ్ ఒక నియమం పెట్టాడు: నాణెం ఎవరికొస్తే ఆ ఏడాది ఇంట్లో మాట వాళ్లది. "న్యాయమే కదా, ఎవరికైనా రావచ్చు," అన్నాడు. అందుకూ వంటింట్లోకి వెళ్లి నవ్వుకున్నాను. ఆ తర్వాత నవ్వు రాలేదు.

కాలేజీ చదువయ్యాక నేను నగర గ్రంథాలయంలో పాత పుస్తకాలు బాగుచేసే పని చేసేదాన్ని. పురుగు కొట్టిన కాగితం కింద పల్చటి కాగితం అతికించి, ఆరబెట్టి, మళ్లీ కుట్టడం. అమ్మాయి రుయ్‌నింగ్ పుట్టినప్పుడు మానేశాను, రెండేళ్లకోసమని. దానికి మూడేళ్లు నిండాక మళ్లీ వెళ్తానంటే, "పండగ పొద్దున చూద్దాం," అన్నాడు. ఆ పొద్దున నాణేన్ని క్యాబేజీ పోగుతో సహా నోట్లోంచి తీసి, "చూశావా వెన్‌చిన్? అదృష్టమే చెబుతోంది, ఇంట్లో ఉండమని," అన్నాడు. ఆ కుడుముకి పన్నెండో మడత వేసింది నా వేళ్లే. నాకు వ్యతిరేకంగా వచ్చిన తీర్పును నేనే పిండిలో చుట్టి, ఉడికించి, వేడివేడిగా వడ్డించాను. ఆ తర్వాత మంచాన పడ్డ మామగారు, అమ్మాయి బడి, ఇంకేవో. ఏ ఏడు అడిగినా నాణెం ఆయన పక్షమే.

నీ గిన్నెలోనే వేసుకోవచ్చు కదా అంటారు. ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ అలా వేసుకుంటే, నేను గడప దాటడానికి కుడుము అనుమతి కావాలని నేనే ఒప్పుకున్నట్టవుతుంది. ఈ మాట తట్టడానికి నాకు ఇరవయ్యేళ్లు పట్టింది. పిండి పిసుకుతున్నప్పుడు ఆలోచనలు మెల్లగానే నడుస్తాయి.

పోయిన నెల గ్రంథాలయం నుంచి పాత స్నేహితురాలు ఫోన్ చేసింది. "పాత కాగితాన్ని పట్టుకోవడం తెలిసిన చేతులు దొరకడంలేదు. పండగయ్యాక ఎనిమిదో రోజున తెరుస్తాం. వస్తావా, ఇంకొకరిని చూసుకోనా?"

రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి చెబితే గ్వాంగ్‌తావ్ ముద్ద ఆపకుండానే, "నీకు నలభై ఎనిమిది. ఆ పుస్తకాల పక్కన నిన్నూ ఆరబెడతారు," అన్నాడు. తర్వాత ఉదారంగా, "సరే, నాణెం ఏమంటుందో చూద్దాం."

నిన్న మధ్యాహ్నం అత్తగారు పిండి బిళ్లలు వత్తి ఇస్తుంటే నేను కూరి మడతలు వేశాను. ఎనభై నిండిన ఆవిడకి చూపు తగ్గింది కానీ వేళ్లకి ఇంకా అన్నీ కనిపిస్తాయి. పళ్లేలు నిండాయి. చలికి గడ్డకట్టడానికి బాల్కనీలో పెట్టి వచ్చాను.

"వెన్‌చిన్, సాసర్లో ఏదో ఉండిపోయినట్టుందే?"

"ఉండాల్సిన చోటే ఉందమ్మా."

ఆవిడ చేతుల పిండి దులుపుకుంది. "ఈసారి పిండి బాగా కుదిరింది," అంది.

నేను గదిలోకి వెళ్లి స్నేహితురాలికి ఫోన్ చేశాను.

మొదటి పొద్దున మా ఇంట్లో చీపురు, కత్తి దాచేస్తాం. కొన్ని మాటలు కూడా. "లేదు", "వద్దు", "అయిపోయింది", "విరిగింది" అనకూడదు. అంటే ఏడాదంతా అంటుకుంటాయి. గొడవ పడితే ఏడాదంతా గొడవే. అందుకే ఆ పొద్దునే ఎంచుకున్నాను.

మొదటి పది కుడుములూ గ్వాంగ్‌తావ్ కబుర్లు చెబుతూ తిన్నాడు. తర్వాత పది, నవ్వుతూ. ఆ తర్వాత మాటల్లేవు. ఒక్కోదాన్నీ పంటితో తట్టి చూసి మింగుతున్నాడు. ముప్పై దాటాక నడుము బెల్టు వదులు చేశాడు.

"నావి కూడా తిను నాయనా, నా గిన్నెలో ఉందేమో," అత్తగారు తన గిన్నె జరిపింది.

"నావి కూడా, నాన్నా," అంది రుయ్‌నింగ్ పెదవులు బిగబట్టి.

చివరికి తినే పుల్లలు కింద పెట్టి, పొట్ట పట్టుకుని, "నాణెం లే..." అన్నాడు.

"నోరు!" అత్తగారు కసిరింది. "పండగపూట!"

"నాణెం... ఇంకా రావాలి," అన్నాడు పాపం.

నేను నాణేన్ని ఏప్రాన్ జేబులోంచి తీసి ఆయన ముందు పెట్టాను.

"కుడుములో పెట్టడం మరిచిపోయావా?"

"నేను మరిచిపోతే మీ అమ్మ గుర్తు చేసేది. ఇరవై ఐదేళ్లుగా ఒక మడత ఎక్కువ వేసి నీ గిన్నెలోనే వేస్తున్నాను."

ఆయన తల్లి వైపు తిరిగాడు. ఆవిడ ఎంతో శ్రద్ధగా కమలాపండు వలుస్తోంది. "మీ నాన్నకి ముప్పై ఒక్కేళ్లు వేశాను," అంది.

"ఎనిమిదో రోజు నుంచి గ్రంథాలయానికి వెళ్తున్నాను," అన్నాను. "వస్తానని నిన్ననే చెప్పేశాను."

గ్వాంగ్‌తావ్ మొహం పండక్కి గుమ్మానికి అంటించిన ఎర్ర కాగితంలా అయింది. నోరు తెరిచాడు. ఆ నోట్లో సిద్ధంగా ఉన్న మాటలన్నీ నాకు తెలుసు. వాటిలో ఒక్కటీ ఈ పూట పైకి అనగలిగేది కాదు. గోడ మీది గడియారం వైపు చూశాడు. ఏడున్నర. రోజు ఇంకా చాలా ఉంది.

నోరు మూసుకున్నాడు.

అత్తగారు ఆయన గిన్నెలో ఇంకో కుడుము వేసింది. దానికి పదకొండు మడతలే ఉన్నాయి.